కుర్రాడు ఫార్వర్డా, హాఫా? హాకీలో పిల్లల పొజిషన్‌నూ స్థాయినీ తేల్చేది ఎలా

విశాఖలో ఏ స్కూల్ హాకీ జట్టును చూసినా దాదాపు ఒకే పద్ధతి కనిపిస్తుంది. అందరికన్నా బాగా ఆడేవాడు ముందు వరసలో గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్. వాడి తర్వాతివాడు మధ్య మైదానంలో ఆడే సెంటర్ హాఫ్. గట్టిగా హిట్ కొట్టేవాడు, కాస్త పొడుగ్గా ఉన్నవాడు వెనక గోల్ ముందు కాచే ఫుల్ బ్యాక్. ఎక్కువ పరుగెత్తలేని లావుపాటి పిల్లాడికి ప్యాడ్లు కట్టి గోల్‌లో నిలబెడతారు. మిగిలినవాళ్లు మిగిలిన చోట్ల సర్దుకుంటారు. ఇందులో పీఈటీ సార్ తప్పేమీ లేదు. జిల్లా పోటీలు నెత్తి మీదికి వచ్చి ఉంటాయి, చేతిలో ఉన్నది పట్టుమని పదిహేను మంది కూడా కాదు. ఉన్నంతలో జట్టు నిలబడేలా చూడటం ఆయన పని.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. పన్నెండేళ్లప్పుడు జట్టు అవసరం కోసం ఇచ్చిన చోటు పదిహేడేళ్లకు ఆ పిల్లాడి గుర్తింపు అయిపోతుంది. ట్రయల్స్ ఫారంలో పొజిషన్ అన్న గడిలో అదే రాస్తాడు. సెలక్టర్లు కూడా అక్కడే ఆడించి చూస్తారు. అక్కడ వాడికన్నా మెరుగైనవాళ్లు ముగ్గురు ఉంటే ఇంటికి పంపించేస్తారు. పక్కకు పది గజాలు జరిపి ఆడించి ఉంటే రాష్ట్ర జట్టులోకి వచ్చేవాడేమో, ఆ సంగతి ఎవరికీ తెలియకుండానే పోతుంది. స్కూల్ జట్టులో పిల్లాడు ఆడే చోటు ఆ జట్టుకు ఎవరు కొరవయ్యారో చెబుతుంది. పిల్లాడికి ఏది తగిన చోటో అది చెప్పదు. అది తెలియాలంటే వాడు కొట్టిన గోల్స్ పక్కన పెట్టి, బంతి రాకముందు ఏం చేస్తున్నాడు, బంతి పోయాక ఏం చేస్తున్నాడు అన్నవి చూడాలి.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. హాకీలో చాలాసార్లు అలా జరగదు. మగపిల్లలు పద్నాలుగేళ్ల అటూ ఇటూ, ఆడపిల్లలు దానికి రెండేళ్లు ముందుగా ఒక్కసారిగా పొడుగు సాగుతారు. ఒకరికి అది పన్నెండుకే వస్తుంది, ఒకరికి పదహారు దాకా రాదు. పదహారేళ్ల లోపు వాళ్లు ఆడే సబ్ జూనియర్ పోటీల్లో ముందుగా ఎదిగినవాడు మిగతావాళ్లను భుజంతో నెట్టుకుంటూ వెళ్లిపోయి గోల్ కొడతాడు. చూసేవాళ్లకు అది ప్రతిభలాగే కనిపిస్తుంది. మూడేళ్ల తర్వాత అందరూ అదే పొడుగుకు వచ్చేసరికి వాడి దగ్గర మిగిలేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. మరోపక్క ఒక్కసారిగా పొడుగైన పిల్లాడికి కొన్ని నెలలపాటు కాళ్లూ చేతులూ మాట వినవు. నిన్నటిదాకా వచ్చే బంతిని స్టిక్‌తో చక్కగా ఆపినవాడు, అంటే ట్రాప్ చేసినవాడు, ఇవాళ బంతి వదిలేస్తుంటాడు. ఆ సమయంలో ట్రయల్స్ పడితే వాడి గురించి రాసే మాట ఏదైనా తప్పే అవుతుంది.

వయసు తగ్గించి ఆడించడంలో జరిగే పెద్ద నష్టం కూడా ఇక్కడే ఉంది. రెండేళ్లు పెద్దవాడిని చిన్నవాళ్ల మధ్య ఆడిస్తే పతకాలు వస్తాయి గానీ వాడు ఎంత ఆటగాడో కోచ్‌కీ తెలియదు, వాడికీ తెలియదు. తెలిసే రోజుకు చదువూ వెనకబడి ఉంటుంది, ఆటా అక్కడే ఆగిపోయి ఉంటుంది. పిల్లాడికి ఇంతకన్నా అన్యాయం మరొకటి ఉండదు.

స్టిక్ నేర్పే మొదటి పాఠం

హాకీలో చోటు గురించి మాట్లాడాలంటే స్టిక్‌తోనే మొదలుపెట్టాలి. స్టిక్‌కి ఒక వైపే చదును. వెనక గుండ్రటి వైపు బంతికి తగిలితే ఫౌల్. ఎడమచేతి వాటం వాళ్లకని వేరే స్టిక్ లేదు. ఎవరైనా ఎడమ చేయి పైన, కుడి చేయి కింద పెట్టి పట్టుకోవాల్సిందే. దీంతో మైదానంలో కుడి పక్క ఆట, ఎడమ పక్క ఆట వేర్వేరు ఆటలైపోయాయి. ఫుట్‌బాల్‌లో రైట్ వింగ్‌ని లెఫ్ట్‌కి మార్చినంత తేలిగ్గా ఇక్కడ మార్చలేం.

రైట్ వింగ్‌లో లైన్ వెంట పరుగెత్తేవాడికి బంతి ఫోర్‌హ్యాండ్ మీద, అంటే తన కుడి పక్కన ఉంటుంది. అదే పరుగులో డి లోకి, అంటే గోల్ ముందున్న వంపు గీత లోపలికి, క్రాస్ కొట్టేయగలడు. అతన్ని ఆపాల్సిన లెఫ్ట్ బ్యాక్‌కి మాత్రం ఆ బంతి ఎడమ పక్కన, స్టిక్ తిప్పి ఆడాల్సిన రివర్స్ వైపు వస్తుంది. ఒంటిచేత్తో స్టిక్ చాచి రివర్స్‌లో టాకిల్ చేసి బంతి లాక్కోవాలి. లేదంటే ముందుగానే అడుగులు సరిచేసుకుని, అతన్ని తన ఫోర్‌హ్యాండ్ వైపుకి, అంటే మైదానం లోపలికి మళ్లించాలి. లోపలికి మళ్లించడమంటే గోల్ ఉన్న వైపుకే దారి ఇవ్వడం. ఎంత దారి ఇవ్వాలో, ఏ క్షణంలో స్టిక్ పెట్టాలో తెలిసినవాడే అక్కడ నిలుస్తాడు. అందుకే మంచి లెఫ్ట్ బ్యాక్ దొరకడం ఏ కోచ్‌కైనా కష్టమే.

రెండో పక్క సంగతి వేరు. లెఫ్ట్ వింగ్‌లో వచ్చేవాడు బంతిని లోపలికి కొట్టాలంటే బంతి చుట్టూ అడుగులు తిప్పుకోవాలి, లేదా రివర్స్ హిట్ బలంగా ఉండాలి. అతనికి ఎదురు నిలిచే రైట్ బ్యాక్‌కి బంతి ఫోర్‌హ్యాండ్ మీదే దొరుకుతుంది. కాబట్టి స్కూల్ మ్యాచుల్లో రైట్ బ్యాక్ ఎక్కువ బంతులు గుంజుకున్నాడని మురిసిపోవడం, లెఫ్ట్ బ్యాక్ తక్కువ గుంజుకున్నాడని తీసిపారేయడం రెండూ సరికాదు. ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఇద్దరినీ అటూ ఇటూ మార్చి ఆడిస్తే నెల రోజుల్లో తెలియనిది గంటలో తెలుస్తుంది. ఎడమ పక్కకు వచ్చాక కూడా తడబడకుండా అడుగులు వేసిన కుర్రాడిని వదులుకోకూడదు.

హాఫ్‌ల విషయంలోనూ అంతే. రైట్ హాఫ్‌కి ముందుకూ లోపలికీ పాస్ ఇవ్వడం సహజంగా వస్తుంది. జట్టు ఆట వెనక నుంచి కట్టుకుంటూ వచ్చేది ఎక్కువగా ఆ పక్క నుంచే. లెఫ్ట్ హాఫ్ మాత్రం ప్రతి పాస్‌కీ కాళ్లను బంతి చుట్టూ తెచ్చుకోవాలి. ఆ ఒక్క అడుగు ఆలస్యంలో ప్రత్యర్థి మీద పడిపోతాడు. ఎడమచేతి వాటం పిల్లలను ఈ ఆటకు పనికిరారని పంపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది శుద్ధ తప్పు. స్టిక్‌ని తిప్పేదీ, రివర్స్‌లో బంతిని నిలిపేదీ పైనున్న ఎడమ చేయే. ఆ చేయి బలమైనదైతే లాభమే తప్ప నష్టం లేదు.

ఇక నేల. మన దగ్గర చాలామంది పిల్లలు గ్రావెల్ గ్రౌండ్ మీదే ఓనమాలు దిద్దుతారు. ఆ నేల మీద బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. అందుకని స్టిక్ నిలువుగా పట్టి, నడుము పెద్దగా వంచకుండా, ఆఖరి క్షణం దాకా బంతినే చూస్తూ ఆపడం అలవాటవుతుంది. చేతుల్లో పనితనం బాగా వస్తుంది, అది నిజం. కానీ పెద్ద స్థాయి హాకీ అంతా కృత్రిమ గడ్డి పరిచిన టర్ఫ్ మీదే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ టర్ఫ్ మీద ఆడించినప్పుడు భారత జట్టు ఏడో స్థానంతో తిరిగొచ్చింది. ఆ మార్పు మన ఆటను ఎంత కుదిపిందో పెద్దవాళ్లకు గుర్తే. టర్ఫ్ మీద బంతి నేలకు అంటుకుని దూసుకొస్తుంది. మోకాళ్లు వంచి, స్టిక్‌ని దాదాపు నేల మీద పరిచి ఆపాలి. బంతి ఎగరదన్న నమ్మకం ఉంటుంది కాబట్టి తలెత్తి చుట్టూ చూసే వీలూ ఉంటుంది.

గ్రావెల్ మీద చూసి పొజిషన్ తేల్చేస్తే పొరపాటు పడే అవకాశం ఎక్కువ అన్నది ఇందుకే. ఎగుడుదిగుడు నేల మీద డ్రిబ్లింగ్‌తో నలుగురిని దాటేసేవాడు టర్ఫ్ మీద మామూలుగా కనిపించవచ్చు. నేల మీద నెమ్మదిగా కనిపించిన హాఫ్, తలెత్తి ఆడే వీలు దొరకగానే ఆటంతా తన చేతిలోకి తీసుకోవచ్చు. విశాఖకు దాదాపు నూటయాభై కిలోమీటర్ల దూరంలో కాకినాడలో టర్ఫ్ ఉంది. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు అక్కడే జరిగాయి. పిల్లాడి గురించి గట్టి నిర్ణయం తీసుకునే ముందు కొన్ని వారాలైనా టర్ఫ్ మీద ఆడించి చూడాలి. ఒక్క రోజు సరిపోదు. కొత్త నేల మీద మొదటి రోజు ఎవరైనా జారతారు.

బంతి రాకముందు

ఒక్క సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. లెఫ్ట్ బ్యాక్ దగ్గర నుంచి బంతి సెంటర్ హాఫ్‌కి వస్తోంది. మామూలు కుర్రాడు బంతినే చూస్తాడు. దానికి ఎదురెళ్లి, ప్రత్యర్థి గోల్‌కి వీపు పెట్టి ఆపుతాడు. ఆపాక తలెత్తుతాడు. అప్పటికి వెనక ఎవరో ఆనుకుని ఉంటారు. వచ్చిన బంతిని వచ్చిన దారినే పంపడం తప్ప ఏమీ చేయలేడు. మరో కుర్రాడు బంతి ఇంకా లెఫ్ట్ బ్యాక్ దగ్గర ఉండగానే ఓసారి కుడి భుజం మీదుగా చూస్తాడు. బంతి దారిలో ఉండగా ఇంకోసారి చూస్తాడు. ఎడమ భుజం బంతి వచ్చే వైపు పెట్టి, ఒళ్లు సగం ముందుకు తెరిచి నిలబడతాడు. బంతిని తన ముందు నుంచి వెళ్లనిచ్చి కుడి పాదం అవతల అందుకుంటాడు. ఆ మొదటి స్పర్శతోనే బంతి ముందుకు కదులుతుంది. మీదికొచ్చినవాడు ఖాళీ చోటుకు వస్తాడు.

ఈ రెండు సెకన్లు స్కోర్ షీట్‌లో ఎక్కడా కనిపించవు. కుర్రాడు సెంటర్ హాఫ్‌కి పనికొస్తాడా లేదా అన్నది మాత్రం అక్కడే తేలిపోతుంది. చూడటానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఎవరో ఒకరు ఫోన్‌తో మ్యాచ్ మొత్తం బంతి జోలికి పోకుండా ఆ ఒక్క పిల్లాడినే వీడియో తీస్తే చాలు. సాయంత్రం కూర్చుని, బంతి వచ్చే ముందు ఎన్నిసార్లు భుజం తిప్పి చూశాడో లెక్కపెట్టుకోవాలి. తల్లిదండ్రులు ఎంతో ఇష్టంగా తీసే వీడియోల్లో కెమెరా బంతి వెంటే పోతుంది. పిల్లాడి అసలు ఆట అంతా ఫ్రేమ్ బయట జరిగిపోతుంది.

బంతి పోయాక చేసే పని ఇంకా ఎక్కువ చెబుతుంది. బంతి పోగానే చేతులు చాచి అంపైర్ వైపు చూసేవాడు ఒకడు. వెంటనే తిరిగి వెంటపడి, బంతి దొరక్కపోయినా ప్రత్యర్థిని లైన్ వైపుకి నెట్టేవాడు ఒకడు. వెంటపడకుండా నేరుగా తన గోల్ వైపు పరుగెత్తి, తర్వాతి పాస్ వచ్చే చోటుకు ముందే చేరేవాడు ఇంకొకడు. రెండోవాడు ఈ రోజుల్లో ప్రతి జట్టూ కోరుకునే ఫార్వర్డ్. మూడోవాడు హాఫ్‌గానో బ్యాక్‌గానో ఎదుగుతాడు, వాడు ప్రస్తుతం ఎక్కడ ఆడుతున్నా సరే. మొదటివాడికి చోటు వెతికే ముందు అలవాటు మాన్పించాలి.

బ్యాక్‌లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఓపిక. చిన్న వయసులో బ్యాక్‌లు బంతి కనిపించగానే స్టిక్ విసిరేస్తారు. తగిలితే చప్పట్లు, తగలకపోతే గోల్. స్టిక్ నేల మీద పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ, ఎదుటివాడు తప్పు చేసేదాకా ఆగగలిగినవాడు అరుదు. వాడిని చూసేవాళ్లు భయపడుతున్నాడనుకుంటారు. నిజానికి వాడే ఆట నేర్చినవాడు.

ఫార్వర్డ్‌కి గోల్ వాసన తెలియాలంటారు. ఆ మాటలో చాలా నిజం ఉంది. తోటివాడు షాట్ కొట్టబోతుండగానే రెండో పోస్ట్ దగ్గరికి పరుగు మొదలుపెట్టేవాడు, కీపర్ ప్యాడ్లకు తగిలి తిరిగొచ్చే బంతికి ముందే సిద్ధంగా ఉండేవాడు కోచింగ్‌తో తయారవడు, పుట్టుకతో కొంత ఉండాలి. అయితే ఫార్వర్డ్ విలువ గోల్స్‌లోనే లేదు. డి లోకి చొరబడి, బంతిని డిఫెండర్ పాదానికి తగిలించి పెనాల్టీ కార్నర్, అంటే ఆ ఫౌల్‌కి దొరికే షాట్ అవకాశం, సంపాదించడం ఇప్పుడు సగం ఆట. స్కూల్ స్థాయిలో దాన్ని ఎవరూ లెక్క రాయరు. రాయాలి. రెండు గోల్స్ కొట్టిన కుర్రాడికన్నా ఐదు కార్నర్లు తెచ్చినవాడు పెద్ద స్థాయిలో ఎక్కువ పనికొచ్చే సందర్భాలు ఉన్నాయి.

గోల్‌కీపర్ల విషయంలో మన పద్ధతి మరీ దారుణం. కీపర్‌కి కావాల్సినవి చురుకైన కాళ్లు, తిరిగి క్షణంలో లేవగలిగే ఒళ్లు, వెనక నుంచి నలుగురిని అరిచి నడిపించే గొంతు. పరుగెత్తలేనివాడిని అక్కడ నిలబెట్టడమంటే మైదానంలో అన్నిటికన్నా బరువైన బాధ్యతను ఆఖరున మిగిలినవాడికి అంటగట్టడం. తిరువనంతపురంలోని జి.వి.రాజా స్పోర్ట్స్ స్కూల్లో చేరినప్పుడు పి.ఆర్.శ్రీజేశ్ కీపర్ కాదు, అసలు హాకీ ఆటగాడే కాదు. పరుగు, లాంగ్ జంప్, వాలీబాల్ అయ్యాక ఒక కోచ్ ఆయన్ని గోల్‌లోకి పంపారు. కిట్ కొనడానికి తండ్రి ఆవును అమ్మాల్సి వచ్చింది. ఆ కీపరే టోక్యోలో, పారిస్‌లో రెండు ఒలింపిక్ కాంస్యాలు గెలిచిన జట్లలో నిలబడి, 36 ఏళ్ల వయసులో ఆట ముగించారు. మన చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లిన ఇ.రజని కూడా భారత మహిళల జట్టుకు ఆడిన కీపరే. కీపర్లు ఆలస్యంగా పండుతారు, ఎక్కువ కాలం నిలుస్తారు. పదహారేళ్లకు రాష్ట్ర జట్టులో లేడని కీపర్‌ని వదిలేయడం తొందరపాటు.

ఒక్క నైపుణ్యంతో నిలబడే దారి

బంతిని కొట్టకుండా స్టిక్‌తో లాగి విసిరే డ్రాగ్ ఫ్లిక్ గురించి విడిగా చెప్పుకోవాలి. పెనాల్టీ కార్నర్‌లో తొలి షాట్‌ని హిట్‌గా కొడితే బంతి గోల్ లైన్ దాటేటప్పుడు 460 మిల్లీమీటర్లకన్నా ఎత్తులో ఉండకూడదు. అంటే గోల్ వెనక చెక్క ఎత్తు దాటకూడదు. ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు. గోల్ ఎత్తు 2.14 మీటర్లు, వెడల్పు 3.66 మీటర్లు. ఆ మొత్తం చోటు ఫ్లికర్‌దే. వెనక కాలి దగ్గర నుంచి బంతిని స్టిక్‌తో లాగుకుంటూ ముందు కాలు దాటేదాకా తెచ్చి గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో విసరగలిగినవాడు ఏ జట్టుకైనా కావాలి. పారిస్ ఒలింపిక్స్‌లో భారత ఫ్లికర్ హర్మన్‌ప్రీత్ సింగ్ 10 గోల్స్‌తో అందరికన్నా ముందు నిలిచాడు.

కానీ ఇక్కడ ఒక నియమం మరిచిపోకూడదు. హాకీలో ఆటగాళ్లను ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు గానీ, పెనాల్టీ కార్నర్ ఇచ్చిన తర్వాత అది ముగిసేదాకా మార్చడానికి లేదు. బెంచ్ మీద ఫ్లికర్‌ని కూర్చోబెట్టి కార్నర్ రాగానే పంపడం కుదరదు. అప్పటికే మైదానంలో ఉండాలి. అంటే వాడికి ఇంకో పని కూడా రావాలి, ఎక్కువగా బ్యాక్‌గా. ఫ్లిక్ ఒక్కటే నేర్చుకుని మిగతా ఆట గాలికొదిలేసిన పిల్లలు జూనియర్ స్థాయి దాటలేకపోవడానికి కారణం ఇదే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఫ్లిక్ చేసేటప్పుడు నడుము వంగి, అదే క్షణంలో మెలితిరుగుతుంది. ఎదిగే వయసులో రోజూ వందల ఫ్లిక్కులు చేయిస్తే వెన్ను దెబ్బతింటుంది. ఒళ్లు కుదురుకునేదాకా పద్ధతి మాత్రం నేర్పి, లెక్క తక్కువలో ఉంచాలి. తొందరపడే కోచ్‌ని తల్లిదండ్రులు నిలదీయవచ్చు, నిలదీయాలి.

చోటు మారినందువల్ల నిలబడినవాళ్లు పెద్ద స్థాయిలోనూ ఉన్నారు. హరియాణాకు చెందిన ఉదిత మొదట హ్యాండ్‌బాల్ ఆడేది. హాకీలోకి ఫార్వర్డ్‌గా వచ్చి భారత జట్టుకు ఆడింది. ఆ తర్వాత డిఫెన్స్‌కి మారింది. మహిళల హాకీ ఇండియా లీగ్ తొలి వేలంలో 32 లక్షలతో అందరికన్నా ఎక్కువ ధర పలికింది ఆ డిఫెండరే. పారిస్ క్వార్టర్ ఫైనల్లో గ్రేట్ బ్రిటన్ మీద భారత డిఫెండర్ అమిత్ రోహిదాస్ రెడ్ కార్డ్‌తో బయటికి వెళ్లాక మిగిలిన పదిమందే రెండు క్వార్టర్లకు పైగా ఆడారు. మిడ్‌ఫీల్డర్ మన్‌ప్రీత్ సింగ్ డిఫెన్స్‌లోకి దిగి కాచాడు. స్కోరు 1-1 దగ్గర ఆగి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఒలింపిక్ జట్టులో ఉండేది 16 మందే. రెండు చోట్ల ఆడగలిగినవాడికి అక్కడ ఉన్నంత విలువ ఇంకెక్కడా ఉండదు. కాబట్టి పిల్లాడికి ఒక సొంత చోటు, దాని పక్కనే ఇంకో చోటు అలవాటు చేయడం మంచిది. నాలుగు చోట్ల తిప్పితే మాత్రం ఎక్కడా కుదురుకోడు.

ఎంత దూరం వెళ్తాడు

పొజిషన్ తేలినా స్థాయి తేలదు. అది ఇంకా కష్టం. 2016లో లక్నోలో జూనియర్ వరల్డ్ కప్ గెలిచిన భారత జట్టునే చూడండి. హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, సుమిత్, నీలకంఠ శర్మ, సిమ్రన్‌జీత్ వంటివాళ్లు ఆ జట్టు నుంచే వచ్చి ఐదేళ్లకు టోక్యోలో పతకం గెలిచారు. అదే జట్టులోని మరికొందరు సీనియర్ జట్టులో స్థిరపడలేదు. ప్రపంచ విజేతల్లోనే ఇలా ఉంటే జిల్లా స్థాయి పిల్లల గురించి ఖచ్చితంగా చెప్పగలమనడం సాహసమే. అయినా కొన్ని గుర్తులు మిగతావాటికన్నా నమ్మదగినవి.

అన్నిటికన్నా నమ్మదగినది నేర్చుకునే వేగం. ఇవాళ ఎంత ఆడుతున్నాడన్నది పక్కనపెట్టి, కొత్త పని ఒకటి ఇవ్వాలి. రివర్స్‌లో ట్రాప్ చేసి ఒకే కదలికలో ఫోర్‌హ్యాండ్‌కి తెచ్చుకోవడం లాంటిది. ఆరు వారాలు ఆగి, ప్రాక్టీస్‌లో కాకుండా మ్యాచ్‌లో, టెన్షన్ మధ్య దాన్ని వాడుతున్నాడేమో చూడాలి. చెప్పకుండానే వాడితే వాడు ఇంకా ఎదుగుతాడు. ప్రాక్టీస్‌లో అద్భుతంగా చేసి మ్యాచ్‌లో పాత అలవాటుకే వెళ్లిపోతే సమయం పడుతుంది, లేదా పై మెట్టు అక్కడే ఆగుతుంది.

తర్వాతది నాలుగో క్వార్టర్. ఉక్కపోతతో చొక్కా ఒంటికి అంటుకుపోయే విశాఖ సాయంత్రాల్లో ఆఖరి పదిహేను నిమిషాలు చూస్తే పిల్లాడి శరీరం గురించే కాదు, మనసు గురించీ తెలుస్తుంది. మూడు గోల్స్ వెనకబడి ఉన్నప్పుడు కూడా టాకిల్ బ్యాక్‌కి, అంటే పోయిన బంతిని తిరిగి లాక్కోవడానికి, వస్తున్నాడా? బీచ్‌లో ఇసుక మీద గంట పరుగెత్తగలగడం వేరు, ఇరవై మీటర్ల వేగపు పరుగు తీసి పది సెకన్లు ఆగి మళ్లీ అదే వేగంతో తీయగలగడం వేరు. హాకీకి కావాల్సింది రెండోది. భారత జట్టు వాడే యో-యో పరీక్ష కొలిచేది కూడా ఆ గుణాన్నే. పొడుగు గురించి మాత్రం ఇంట్లోవాళ్లు దిగులు పడనక్కర్లేదు. పొట్టివాళ్లు ఈ ఆటలో ఎప్పుడూ ఉన్నారు, ముఖ్యంగా ముందు వరసలో.

హాకీలో ప్రొఫెషనల్ అనే మాట మనకు రెండు దారులను సూచిస్తుంది. పాత దారి ఉద్యోగం. రైల్వే, సర్వీసెస్, పెట్రోలియం సంస్థలు, బ్యాంకులు, పోలీసు జట్లు ఆటగాళ్లను తీసుకుని జీతమిచ్చి ఆడిస్తాయి. కొత్త దారి లీగ్. 2013 నుంచి 2017 దాకా జరిగి ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. పురుషుల్లో ఎనిమిది, మహిళల్లో నాలుగు జట్లు. హైదరాబాద్ తూఫాన్స్ తొలి ఏడాదే ఫైనల్ దాకా వచ్చింది. 2024 వేలంలో కనీస ధరలు 2, 5, 10 లక్షలు. హర్మన్‌ప్రీత్‌కు 78 లక్షలు, ఫార్వర్డ్ అభిషేక్‌కు 72, మిడ్‌ఫీల్డర్ హార్దిక్ సింగ్‌కు 70, తూఫాన్స్ తీసుకున్న జర్మనీ ఫ్లికర్ గొంజాలో పెయా‌కు 68 లక్షలు పలికాయి. మొదటి నలుగురిలో ఇద్దరు ఫ్లికర్లు. 24 మంది ఉండే ఒక్కో పురుషుల జట్టులో నలుగురు జూనియర్లు తప్పనిసరిగా ఉండాలన్న నియమం పెట్టారు. కుర్రాళ్లకు ఇదొక మంచి తలుపు. అయితే లీగ్ ఏడాదిలో కొన్ని వారాలే. పై ధరలు జాతీయ జట్ల ఆటగాళ్లవి. అడుగున 2 లక్షల దగ్గర ఉన్న కుర్రాడికి ఇల్లు గడిచేది ఉద్యోగంతోనే.

విశాఖ కుటుంబానికి ఉద్యోగపు దారి కొత్తది కాదు. తూర్పు నావికాదళం కేంద్రం ఇక్కడే ఉంది, నేవీ స్పోర్ట్స్ కోటాలో నావికులను తీసుకుంటుంది. రైల్వేకీ పోర్టుకీ ఇది పాత ఊరు. ఉక్కునగరం, మల్కాపురం, డాక్‌యార్డ్ కాలనీల్లో పెరిగిన పిల్లలకు ఆటతో ఉద్యోగం వచ్చినవాళ్లు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. పోటీ మాత్రం ఊళ్లోవాళ్లతో ఉండదు. సరిహద్దు దాటితే ఒడిశా. అక్కడి సుందర్‌గఢ్ జిల్లా దిలీప్ టిర్కీ నుంచి అమిత్ రోహిదాస్ దాకా అంతర్జాతీయ ఆటగాళ్లను ఇస్తూనే ఉంది. రవుర్కెలాలో 2023 వరల్డ్ కప్ ఆడించిన బిర్సా ముండా స్టేడియం ఉంది. అక్కడి హాస్టళ్లలో పిల్లలు చిన్నప్పటి నుంచే టర్ఫ్ మీద పెరుగుతారు. రైల్వే ట్రయల్స్‌కి వెళ్లిన మన కుర్రాడి పక్కన నిలబడేది ఆ పిల్లలే. అంచనా వేసేటప్పుడు జిల్లాలో ఎవరికన్నా మేలన్నది కాకుండా, వాళ్ల పక్కన ఎక్కడ నిలుస్తాడన్నది చూడాలి. ఏడాదికోసారైనా అలాంటి జట్ల మీద ఆడే అవకాశం వెతికి పెట్టడం కోచ్ చేయగల పెద్ద మేలు.

ఇదంతా ఒక్క పిల్లాడి మీద పెట్టి చూద్దాం. గాజువాక వైపు స్కూల్లో ఆడే పదిహేనేళ్ల కుర్రాడు ఉన్నాడనుకోండి. సెంటర్ ఫార్వర్డ్. జిల్లా పోటీల్లో జట్టు కొట్టిన గోల్స్‌లో సగం వాడివే. తోటివాళ్లకన్నా ముందే పొడుగయ్యాడు. వీడియో తీసి చూస్తే ఆ గోల్స్‌లో ఎక్కువ భాగం బంతిని మధ్య మైదానం నుంచి తానే తెచ్చుకుని, ఒంటి బలంతో ఇద్దరిని దాటి కొట్టినవి. పోస్ట్ దగ్గర రీబౌండ్‌కి కాచుకుని కొట్టినవి దాదాపు లేవు. డి లో తోటివాడు షాట్ కొడుతుంటే నిలబడి చూస్తున్నాడు. కానీ బంతి పోగానే ప్రతిసారీ తన గోల్ వైపు తిరిగి పరుగెత్తుతున్నాడు. బంతి అందుకునే ముందు భుజం తిప్పి చూసే అలవాటు ఎవరూ నేర్పకుండానే సగం ఉంది. ఫోర్‌హ్యాండ్ పాస్ బాగుంది. రివర్స్ బలహీనం.

ఊళ్లో అందరూ వాడిని స్ట్రైకర్ అంటారు. పై గుర్తులన్నీ చూస్తే వాడు హాఫ్. మరీ ముఖ్యంగా రైట్ హాఫ్‌తో మొదలుపెట్టి, టర్ఫ్ మీద ఒక సీజన్ ఆడాక సెంటర్ హాఫ్‌కి జరపదగినవాడు. ఫార్వర్డ్‌గా ఉంటే పదిహేడేళ్లకు మిగతావాళ్లు పొడుగయ్యేసరికి ఒంటి బలం ఆధిక్యం పోతుంది, పోస్ట్ దగ్గర చురుకుదనం లేనందువల్ల ట్రయల్స్‌లో వెనకబడతాడు. హాఫ్‌గా ఆ కష్టం తక్కువ. పొడుగూ బలమూ ఉన్నాయి కాబట్టి డ్రాగ్ ఫ్లిక్ పద్ధతి ఇప్పుడే పరిచయం చేసి, వారానికి రెండు మూడు సార్లు, తక్కువ లెక్కలో చేయించవచ్చు.

స్థాయి విషయానికొస్తే, ఇప్పుడున్న గుర్తులతో రాష్ట్ర జూనియర్ జట్టు, ఆ తర్వాత ఏదో ఒక శాఖలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం దాకా నమ్మకంగా ఆశించవచ్చు. లీగ్ గురించి ఇంట్లో ఇప్పుడే మాట్లాడటం పిల్లాడి మీద అనవసరమైన బరువు. ఇంటర్ చదువు ఆపకూడదు. కోటా ఉద్యోగాలకు కూడా విద్యార్హత అడుగుతారు, ఏ పోటీలో ఏ స్థానం వచ్చిందో చూపే సర్టిఫికెట్లు అడుగుతారు. అవి ఫైల్లో పెట్టి భద్రపరచని కుటుంబాలు తర్వాత చాలా అవస్థ పడతాయి.

ఈ అంచనా మార్చుకోవాల్సి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. వచ్చే సీజన్ చివరికి టర్ఫ్ మీద రివర్స్ ట్రాప్ మ్యాచ్‌లో నిలబడితే, ఒడిశా జట్ల మీద ఆడినప్పుడు నాలుగో క్వార్టర్‌లో కూడా పాస్ ముందుకే వెళ్తుంటే, ఫ్లిక్ పదిలో ఆరు సార్లైనా అనుకున్న మూలకు చేరుతుంటే, అప్పుడు జాతీయ జూనియర్ క్యాంప్ దిశగా ఆలోచించవచ్చు. మధ్య మైదానంలో చిరాకు పడి, గోల్స్ లేవని పదేపదే ముందుకు జారిపోతుంటే రైట్ వింగ్‌లో ఇంకో సీజన్ ఇచ్చి చూడాలి. ఈ రెండిట్లో ఏది జరిగినా కోచ్ ఆ సంగతి పిల్లాడికీ, వాడి అమ్మానాన్నలకూ కూర్చోబెట్టి చెప్పాలి, వీడియో చూపిస్తూ.